పృచ్ఛకు తెరచిన సూచి: పైథాన్ ప్యాకేజీ సూచికను దూరం నుంచి ప్రశ్నించిన పద్ధతుల చరిత్ర (2002–2022)

ప్రవేశిక

గ్రంథాలు పెరిగిన ప్రతి సమాజంలోనూ వాటి జాబితా కూడా ఒక ప్రత్యేక వాఙ్మయంగా రూపొందింది. కాత్యాయనుని పేర ప్రసిద్ధమైన ఋగ్వేద సర్వానుక్రమణి ప్రతి సూక్తానికీ తొలి పదాన్ని, ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును సూత్రప్రాయంగా చెబుతుంది. సూక్తం అందులో ఉండదు. సూక్తాన్ని గుర్తించడానికి కావలసిన సమాచారం మాత్రమే ఉంటుంది. థియోడర్ ఆఫ్రెక్ట్ 1891–1903 మధ్య మూడు భాగాలుగా వెలువరించిన ‘కాటలోగస్ కాటలోగోరమ్’ సంస్కృత వ్రాతప్రతుల జాబితాలకే జాబితా. దానిని నవీకరించి విస్తరించే పనిని ఆ తరువాత మద్రాసు విశ్వవిద్యాలయం చేపట్టింది. ఒక సాహిత్యం ఎంత ఉన్నదో, అందులో ఏది ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడానికి ఇటువంటి గ్రంథాలే ఆధారం.

ఈ సూచీలన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. వాటిని తెరచి చూసేవాడు మనిషి. ఒకసారికి ఒకటి, రోజుకు పదో ఇరవయ్యో సందేహాలు తీర్చుకుంటాడు. తనకు కావలసిన పేరు దొరకకపోతే ముందు వెనుక పుటలు తిరగవేసి, తాను వెతకని మరొకదానిని కనుగొంటాడు. ఇరవయ్యవ శతాబ్ది చివరి దశాబ్దంలో పుట్టిన సాఫ్ట్‌వేర్ సూచికల విషయంలో ఈ స్థితి మారింది. పాఠకుని స్థానంలోకి ప్రోగ్రాము వచ్చింది. ప్రోగ్రాముకు విసుగు లేదు, ప్రశ్నల సంఖ్యకు పరిమితి లేదు, పక్క పుటను చూసే అలవాటూ లేదు.

ఈ మార్పును పైథాన్ ప్యాకేజీ సూచిక చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇక్కడ ‘ప్యాకేజీ’ అంటే ఇతరులు తమ ప్రోగ్రాములలో వాడుకోవడానికి వీలుగా కట్టి ప్రచురించిన సాఫ్ట్‌వేర్ మూట. ‘సూచిక’ అంటే అటువంటి మూటల పేర్లు, కర్తలు, వెర్షన్లు, వివరణలు నమోదైన బహిరంగ పట్టిక. ఒక కంప్యూటరులోని ప్రోగ్రాము మరెక్కడో ఉన్న సూచికకు నియతమైన రూపంలో పంపే ప్రశ్నను ‘పృచ్ఛ’ అని వ్యవహరించడం జరిగింది. అవధాన సంప్రదాయం వల్ల తెలుగు పాఠకులకు ఈ పదం సుపరిచితం. ప్రశ్నకు ముందే ఒక రూపనియమం ఉండడం, సమాధానం ఆ నియమానికి లోబడి రావడం అనే రెండు లక్షణాలు ఇక్కడ కూడా ఉన్నాయి. ఒక భేదం మాత్రం ముఖ్యమైనది. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనమండుగురే. బహిరంగ సూచికకు పృచ్ఛకులెందరో ముందుగా తెలియదు. ఈ చరిత్రలోని సంఘర్షణకు మూలం ఆ భేదమే.

1. పూర్వరంగం

ప్రజలందరికీ తెరచిన సాఫ్ట్‌వేర్ భాండాగారాలు సూచికల కంటే ముందే ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు తమ కంప్యూటర్లలో కొంత స్థలాన్ని ఎవరైనా వచ్చి దస్త్రాలు తీసుకుపోవడానికి కేటాయించేవి. ఏ దస్త్రం ఏ ఊరి కంప్యూటరులో ఉన్నదో తెలుసుకునే మార్గం మాత్రం లేదు. 1990లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎమ్‌టేజ్ తదితరులు రూపొందించిన ‘ఆర్చీ’ ఈ లోపాన్ని పూరించింది. అది భాండాగారాల దస్త్ర జాబితాలను సేకరించి ఒకచోట చేర్చి, దూరం నుంచి వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పేది. ‘ఆర్కైవ్’ అనే ఆంగ్ల పదం నుంచి ఒక అక్షరాన్ని తొలగించగా ఏర్పడిన పేరు అది. అయితే ఆర్చీకి తెలిసినది దస్త్రం పేరు మాత్రమే. ఆ దస్త్రం దేనికి పనికివస్తుందో, ఎవరు రాశారో దానికి తెలియదు.

వర్ణనతో కూడిన భాండాగారం అక్షరముద్రణ రంగం నుంచి రావడం సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం. డొనాల్డ్ నూత్ రూపొందించిన టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థకు సంబంధించిన సామగ్రినంతటినీ ఒకచోట చేర్చే సీటాన్ భాండాగారం 1990ల ఆరంభంలో జర్మనీ, బ్రిటన్, అమెరికా దేశాల కేంద్రాలతో ఏర్పడింది. దాని పేరును అనుకరిస్తూనే పెర్ల్ భాషా ప్రోగ్రామర్లు 1995లో సీపాన్‌ను ప్రకటించారు. ఒక ప్రోగ్రామింగ్ భాషకు చెందిన సమాజం తన రచనలన్నింటికీ ఒక ఉమ్మడి భాండాగారాన్ని నిర్వహించుకోవచ్చునని సీపాన్ నిరూపించింది. తరువాత వచ్చిన ఇతర భాషల సమాజాలకు అది ఆదర్శమైంది, కొంత ఈర్ష్యకు కూడా కారణమైంది.

గైడో వాన్ రాసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో రూపొందించి 1991లో విడుదల చేసిన పైథాన్ భాషకు తొలి దశాబ్దంలో అటువంటి అధికారిక ఏర్పాటు లేదు. ‘వాల్ట్స్ ఆఫ్ పర్నాసస్’ అనే వ్యక్తిగత జాబితా ఆ లోటును కొంత తీర్చింది. గ్రీకు పురాణాలలో కళాదేవతల నిలయమైన పర్వతం పేరు దానికి పెట్టారు. కర్తలు తమ రచనల వివరాలను స్వయంగా నమోదు చేయవలసి ఉండేది. సూచిక ఒకచోట, ప్యాకేజీ మరొకచోట ఉండేవి. ప్యాకేజీలో మార్పు జరిగినా సూచికలోని వివరం పాతదిగానే మిగిలేది.

2. సూచిక అవతరణ

సూచిక ఏర్పడడానికి రెండు పూర్వాంగాలు అవసరమయ్యాయి. మొదటిది, ప్యాకేజీలను ఒకే తీరుగా కట్టే పద్ధతి. గ్రెగ్ వార్డ్ కృషితో వచ్చిన డిస్ట్‌యూటిల్స్ 2000లో పైథాన్ ప్రామాణిక గ్రంథాలయంలో చేరింది. రెండవది, ప్రతి ప్యాకేజీ తన గురించి తాను చెప్పుకోవలసిన వివరాల నియమావళి. పైథాన్ సమాజంలో ఏ మార్పునైనా ‘పెప్’ అనే సంఖ్యాబద్ధమైన ప్రతిపాదన పత్రం ద్వారా చర్చించడం ఆచారం. 2001 నాటి పెప్ 241 పేరు, వెర్షన్, సంగ్రహం, కర్త, లైసెన్సు మొదలైన అంశాలను నిర్దేశించింది. సర్వానుక్రమణి ఋషి, దేవత, ఛందస్సులను నిర్దేశించిన పని వంటిదే ఇది.

2002 అక్టోబరులో ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ జోన్స్ సమర్పించిన పెప్ 301 ఈ రెండింటినీ కలిపింది. ప్యాకేజీని కట్టే సాధనమే ఒక ఆదేశంతో దాని వివరాలను కేంద్ర సూచికకు పంపాలన్నది అందులోని ముఖ్యాంశం. 2003లో సూచిక పనిచేయడం మొదలుపెట్టింది. అదే సంవత్సరం వెలువడిన పైథాన్ 2.3లో నమోదు ఆదేశం చేరింది. దీనితో జాబితా రాసేవారు, గ్రంథకర్త అనే రెండు పాత్రలు ఏకమయ్యాయి. వ్రాతప్రతుల సూచీలలో పండితుడు ప్రతిని చూసి వివరాలు రాస్తాడు. ఇక్కడ కర్తే తన రచనకు సూచీపత్రం రాసుకున్నాడు. వివరాలలో కచ్చితత్వం ఎంత ఉంటుందన్నది అతని శ్రద్ధను బట్టి ఉండేది.

ప్రారంభదశలో ఈ సూచికలో ప్యాకేజీలు లేవు, వాటి వర్ణనలు మాత్రమే ఉండేవి. దస్త్రాలను చేర్చే ఆదేశం 2006 నాటి పైథాన్ 2.5లో వచ్చింది. ఈ సూచికకు ‘చీజ్ షాప్’ అనే మారుపేరు స్థిరపడింది. పైథాన్ భాష పేరు మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్యబృందం నుంచి వచ్చింది. ఆ బృందం ప్రదర్శించిన ఒక హాస్యరూపకంలో గ్రాహకుడు ఎన్ని రకాల చీజ్ పేర్లు చెప్పినా దుకాణంలో ఏదీ ఉండదు. వర్ణనలున్నా వస్తువు లేని సూచికకు ఆ పేరు అతికినట్లు సరిపోయింది.

పెప్ 301లో మరొక అంశం గమనించదగినది. ఒక ప్యాకేజీని ఒకే పెట్టెలో పెట్టకుండా, అనేక కోణాల నుంచి వర్గీకరించే పద్ధతిని అది స్వీకరించింది. ఎరిక్ రేమండ్ ‘ట్రోవ్’ ప్రణాళికలో రూపొందించిన ఈ పద్ధతిలో అభివృద్ధి దశ, ఉద్దేశించిన వాడుకరులు, లైసెన్సు, విషయం, మానవభాష వంటి వేర్వేరు కుదుళ్ల నుంచి కర్త తనకు తగిన గుర్తులను ఎంచుకుంటాడు. ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణ కూడా ఒక గ్రంథాన్ని అనేక ముఖాల సంయోగంగా చూసింది. ఈ రెంటి మధ్య ప్రత్యక్ష సంబంధం ఉన్నదని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. వస్తువుల సంఖ్య పెరిగినప్పుడు ఏకముఖ వర్గీకరణ చాలదన్న అనుభవం రెండుచోట్లా ఒకే మార్గాన్ని చూపిందని మాత్రం చెప్పవచ్చు.

3. దూరక్రియాహ్వానం

సూచికను వెబ్ పుటగా మనిషి చదవవచ్చు. ప్రోగ్రాము చదవాలంటే వేరే ఏర్పాటు కావాలి. తన కంప్యూటరులోని ఒక ప్రక్రియను పిలిచినంత సులభంగా దూరపు కంప్యూటరులోని ప్రక్రియను పిలవగలగడమే దూరక్రియాహ్వానం. ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ 1984లో ప్రకటించిన పరిశోధన పత్రం ఈ భావనకు శాస్త్రీయ ప్రతిపత్తి కల్పించింది. ఆ తరువాతి అమలు పద్ధతులు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తీరుగా, సంక్లిష్టంగా ఉండేవి.

1998లో యూజర్‌లాండ్ సంస్థకు చెందిన డేవ్ వైనర్ మైక్రోసాఫ్ట్ నిపుణులతో కలిసి రూపొందించిన ఎక్స్‌ఎమ్‌ఎల్–ఆర్‌పీసీ ఆ సంక్లిష్టతను తొలగించింది. దీనిలో ప్రశ్న ఒక చిన్న పత్రం. పైన పిలవదలచిన ప్రక్రియ పేరు, కింద దానికి అందించే విలువలు ఉంటాయి. ఆ విలువలు పూర్ణాంకం, దశాంశం, సత్యాసత్యాలు, అక్షరమాల, తేదీ, సంకేతబద్ధ దత్తాంశం అనే కొద్ది రకాలకే పరిమితం. వాటిని వరుసగా గాని, పేరు–విలువ జంటలుగా గాని కూర్చవచ్చు. సమాధానం కూడా అటువంటి పత్రమే. పని విఫలమైతే దోషసంఖ్య, దోషవివరణ అనే రెండు అంశాలతో లోపపత్రం వస్తుంది. నిర్దేశ గ్రంథమంతా కొద్ది పుటలలో ముగియడం వల్ల దీనిని ఏ భాషలోనైనా అమలు చేయడం తేలికైంది. ఫ్రెడ్రిక్ లుండ్ పైథాన్‌లో రాసిన అమలు గ్రంథం 2001 చివరలో వెలువడిన పైథాన్ 2.2తో ప్రామాణిక గ్రంథాలయంలో చేరింది. ఫలితంగా పైథాన్ ఉన్న ప్రతి కంప్యూటరుకూ పృచ్ఛ పంపే సామర్థ్యం ఉచితంగా అందింది. ప్యాకేజీ సూచిక తన తొలి దశాబ్దంలోనే ఈ మార్గాన్ని స్వీకరించడంలో ఆశ్చర్యం లేదు. మూడు నాలుగు పంక్తుల ప్రోగ్రాముతో ఎవరైనా సూచికతో సంభాషించగలిగారు.

4. పృచ్ఛల స్వరూపం

సూచిక అంగీకరించిన పృచ్ఛలను వాటి స్వభావాన్ని బట్టి నాలుగు తెగలుగా విభజించవచ్చు.

మొదటి తెగ సమగ్ర పృచ్ఛలు. ‘లిస్ట్ ప్యాకేజెస్’ అనే ప్రక్రియకు ఏ విలువా అందించనక్కరలేదు. సూచికలోని పేర్లన్నీ ఒకే సమాధానంగా వస్తాయి.

రెండవ తెగ నామాశ్రిత పృచ్ఛలు. పేరు తెలిసినవాడు వివరాలు అడుగుతాడు. ‘ప్యాకేజ్ రిలీజెస్’ ఒక ప్యాకేజీ వెర్షన్ల జాబితాను ఇస్తుంది. ‘రిలీజ్ డేటా’ ఒక వెర్షన్‌కు సంబంధించిన కర్త, లైసెన్సు, సంగ్రహం, వివరణ, వర్గీకరణ గుర్తులను ఇస్తుంది. ‘రిలీజ్ యూఆర్‌ఎల్స్’ దస్త్రాలు దొరికే చిరునామాలను ఇస్తుంది. వీటిలో మొదటిదానికి పాఠపరిష్కరణ దృష్టితో చూస్తే ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. పాత సూచికలో కర్త కొన్ని వెర్షన్లను దాచి ఉంచే వీలుండేది. దాచినవి కూడా కావాలని ప్రత్యేకంగా కోరితే తప్ప సమాధానంలో కనిపించేవి కావు. అంటే సామాన్య పృచ్ఛకు దొరికేది ప్రచలిత పాఠం, విశేష పృచ్ఛకు దొరికేది పాఠాంతరాలతో కూడిన సంపూర్ణ పరంపర. తరువాతి కాలంలో ఈ భేదాన్ని తొలగించి అన్ని వెర్షన్లనూ చూపడం మొదలైంది. పాఠాంతరాలను దాచడం వల్ల సౌలభ్యం కంటే గందరగోళమే ఎక్కువన్న ఎరుక ఈ మార్పు వెనుక కనిపిస్తుంది.

మూడవ తెగ కాలాశ్రిత పృచ్ఛలు. ఒక నిర్దిష్ట సమయం తరువాత సూచికలో జరిగిన మార్పులేమిటని ‘చేంజ్‌లాగ్’ ద్వారా అడగవచ్చు. అనంతరం ప్రతి మార్పుకూ ఒక క్రమసంఖ్యను ఇచ్చి, ఫలానా సంఖ్య తరువాతివి మాత్రమే చెప్పమని అడిగే వీలు కల్పించారు. ప్రపంచంలో ఇతర చోట్ల సూచికకు ప్రతిబింబాలను నిర్వహించేవారికి ఇది ప్రాణాధారం. మొత్తం సూచికను ప్రతిసారీ తిరగరాయకుండా కొత్తగా చేరినదానిని మాత్రమే రాసుకునే లేఖకుని పద్ధతి ఇది.

నాలుగవ తెగ అన్వేషణ పృచ్ఛలు. ‘సెర్చ్’ ప్రక్రియకు పేరు, కర్త, సంగ్రహం, వివరణ, ముఖ్యపదాలు వంటి అంశాలలో ఏవైనా మాటలు అందించి, అవన్నీ ఉండాలో, ఏ ఒక్కటున్నా చాలునో చెప్పవచ్చు. ‘బ్రౌజ్’ ప్రక్రియ కోరిన వర్గీకరణ గుర్తులన్నీ ఉన్న ప్యాకేజీలను ఇస్తుంది. పేరు తెలియనివాడు అడగగలిగిన పృచ్ఛలు ఇవి మాత్రమే.

ఈ విభజన కేవలం లక్షణకారుని సౌకర్యం కోసం చేసినది కాదు. మొదటి మూడు తెగలకు సమాధానం ముందే సిద్ధంగా ఉంటుంది. వెయ్యిమంది ఒకే పేరు అడిగితే వెయ్యిమందికీ ఒకే పత్రం ఇవ్వవచ్చు. అన్వేషణలో ఎవరి మాటలు వారివి. ప్రతి ప్రశ్నకూ సూచికను కొత్తగా వెదకాలి. ఈ భేదమే తరువాతి చరిత్రను నిర్ణయించింది.

5. క్రియాప్రధానం, నామప్రధానం

దూరక్రియాహ్వానానికి సమాంతరంగా మరొక మార్గం కూడా వృద్ధిచెందింది. 2004–2005 ప్రాంతంలో ఫిలిప్ జె. ఈబీ రూపొందించిన సెటప్‌టూల్స్‌లో భాగమైన ఈజీ ఇన్‌స్టాల్, కావలసిన ప్యాకేజీని దానంతట అదే వెదకి స్థాపించే సాధనం. అది సూచిక వెబ్ పుటలను చదివి వాటిలోని లింకులను ఏరుకునేది. మనుషుల కోసం అలంకరించిన పుటలను యంత్రం చదవడం వృథాశ్రమ కావడంతో, లింకులు తప్ప మరేమీ లేని ‘సరళ సూచిక’ ఏర్పడింది. ప్రతి ప్యాకేజీకి ఒక చిరునామా, ఆ చిరునామాలో దాని దస్త్రాల లింకులు. 2008లో ఇయన్ బికింగ్ ప్రారంభించిన పిప్ అనే సాధనం కూడా స్థాపనకు ఈ సరళ సూచికనే ఆశ్రయించింది. అన్వేషణకు మాత్రం అది ఎక్స్‌ఎమ్‌ఎల్–ఆర్‌పీసీలోని ‘సెర్చ్’ ప్రక్రియను పిలిచేది.

ఈ రెండు మార్గాల మధ్య భేదాన్ని వ్యాకరణ పరిభాషలో చెప్పవచ్చు. దూరక్రియాహ్వానం క్రియాప్రధానమైనది. ‘వెదకు’, ‘చెప్పు’, ‘జాబితా ఇయ్యి’ అనే క్రియలు అనేకం ఉంటాయి. అవన్నీ ఒకే ద్వారం గుండా, ఒకే చిరునామాకు వెళతాయి. సరళ సూచిక నామప్రధానమైనది. అక్కడ క్రియ ‘తీసుకురా’ అన్నది ఒక్కటే. నామాలు లక్షలు, ప్రతి నామానికీ వేరే చిరునామా. రాయ్ ఫీల్డింగ్ 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ప్రతిపాదించిన రెస్ట్ అనే నిర్మాణశైలి ఈ రెండవ మార్గానికి సిద్ధాంత బలాన్ని సమకూర్చింది.

చూడడానికి ఇది శైలీభేదంగా తోచినా దీని ఆర్థిక ఫలితం పెద్దది. వెబ్ ప్రపంచంలో ఒక చిరునామాలోని పత్రాన్ని తీసుకురమ్మన్న అభ్యర్థనకు సమాధానాన్ని దారిలోని మధ్యవర్తి కంప్యూటర్లు దాచి ఉంచుకోవచ్చు. రెండవవాడు అడిగినప్పుడు మూలసూచిక దాకా పోనక్కరలేదు. 2013లో పైథాన్ ప్యాకేజీ సూచిక ఫాస్ట్‌లీ సంస్థ నిర్వహించే ప్రపంచవ్యాప్త వితరణ జాలం వెనుకకు మారింది. అప్పటినుంచి సరళ సూచికకు వచ్చే అభ్యర్థనలలో అధికభాగాన్ని మధ్యవర్తులే తీర్చగలిగారు. ఎక్స్‌ఎమ్‌ఎల్–ఆర్‌పీసీ పృచ్ఛ అలా కాదు. చిరునామా అన్నింటికీ ఒక్కటే. అసలు ప్రశ్న లోపలి పత్రంలో ఉంటుంది. పైన చూసి లోపల ఏమున్నదో చెప్పలేని మధ్యవర్తి ప్రతి పృచ్ఛనూ మూలసూచికకు చేరవేయక తప్పదు. ఒకే ప్రశ్న లక్షసార్లు వస్తే సూచిక లక్షసార్లు పనిచేయవలసిందే.

2015 నాటి పెప్ 503 సరళ సూచికను ప్రామాణికంగా నిర్వచించింది. అప్పటివరకు అమలులో ఉన్న ఆచారం శాస్త్రమైంది. 2022 నాటి పెప్ 691 అదే సూచికను యంత్రాలు మరింత తేలికగా చదవగల జేసన్ రూపంలో కూడా అందించే నియమాన్ని చేర్చింది. నామప్రధాన మార్గం ఈ విధంగా స్థిరపడింది.

6. మూసిన ద్వారం

2018 ఏప్రిల్‌లో పాత సూచిక స్థానంలో ‘వేర్‌హౌస్’ అనే కొత్త నిర్మాణం వచ్చింది. దీనికి మొజిల్లా సంస్థ 1,70,000 డాలర్ల సహాయం అందించింది. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదన్న ఉద్దేశంతో ఎక్స్‌ఎమ్‌ఎల్–ఆర్‌పీసీ ప్రక్రియలను కొత్త నిర్మాణంలో కూడా కొనసాగించారు. అయితే వాటిని కొత్తగా వాడవద్దని సూచించారు.

2020 డిసెంబరులో అన్వేషణ పృచ్ఛలు భరించలేని సంఖ్యలో రావడంతో సూచిక సేవలకే అంతరాయం కలిగింది. నిర్వాహకులు ‘సెర్చ్’ ప్రక్రియను నిలిపివేశారు. తాత్కాలికమనుకున్నది తాత్కాలికంగా మిగలలేదు. సమాధానం రాకపోయినా యంత్రాలు అడగడం మానలేదు. ద్వారం తెరిస్తే వెంటనే పూర్వస్థితి పునరావృతమయ్యే పరిస్థితి ఉండడంతో మూసివేత శాశ్వతమైంది. పిప్‌లోని అన్వేషణ ఆదేశం ఆ తరువాత కూడా మిగిలి ఉన్నా, అడిగినవానికి లోపపత్రమే అందుతుంది. వెబ్ పుటలో మనిషి వెదికే సౌకర్యం కొనసాగింది.

ఈ సంఘటనను నిర్వాహకుల వైఫల్యంగా చిత్రించడం న్యాయం కాదు. ఈ సూచిక విరాళాలపైన, కొద్దిమంది శ్రమపైన నడిచే ప్రజాసేవ. సంఖ్యను నియంత్రించలేని పృచ్ఛకుల వల్ల అందరికీ అవసరమైన స్థాపన సేవ ఆగిపోతుంటే, కొందరికి అవసరమైన అన్వేషణను త్యజించడం వివేకమే. అయినా చరిత్రకారుడు గమనించవలసిన విషయం ఒకటుంది. మూసివేతకు గురైన తెగ నాలుగవది. పేరు తెలిసినవానికి అన్ని ద్వారాలూ తెరచే ఉన్నాయి. పేరు తెలియక, విషయం మాత్రమే తెలిసినవాని ప్రోగ్రాముకు అన్వేషణ ద్వారం మూసుకుపోయింది. గ్రంథాలయంలో కర్తృసూచిని ఉంచి విషయసూచిని తొలగించినట్లయింది. అడిగేవారు పెరిగిన కొద్దీ ఎక్కువ ఖర్చయ్యే ప్రశ్న ముందుగా నిషిద్ధమవుతుంది. అటువంటి ప్రశ్న సాధారణంగా కొత్తవాడు అడిగే ప్రశ్నే.

7. సూచికలో తెలుగు

ఈ చరిత్రతో తెలుగుకు గల సంబంధం రెండు తావుల్లో కనిపిస్తుంది. మొదటిది లిపి. ఎక్స్‌ఎమ్‌ఎల్ స్వభావతః యూనికోడ్‌ను అంగీకరిస్తుంది. తెలుగు లిపి 1991 నాటి తొలి యూనికోడ్ సంపుటంలోనే ఉంది. అయినా ఎక్స్‌ఎమ్‌ఎల్–ఆర్‌పీసీ మూల నిర్దేశంలో అక్షరమాల అంటే ఆంగ్లానికి సరిపోయే ఆస్కీ అక్షరాలేనని ఉండేది. ఆ పరిమితిని 2003 జూన్‌లో తొలగించారు. ఆ తరువాత ‘అమ్మ’ అన్న మాట యూటీఎఫ్–8 పద్ధతిలో అ, మ, పొల్లు, మ అనే నాలుగు సంకేతాలుగా, 12 బైట్లుగా ఈ పత్రంలో ప్రయాణించడానికి నిర్దేశపరమైన అడ్డంకి లేదు. ప్యాకేజీ వివరణను తెలుగులో రాయవచ్చు. 2007 నాటి పెప్ 3131 ప్రకారం పైథాన్ 3 ప్రోగ్రాములో ‘లెక్క’ అని తెలుగు లిపిలోనే చరరాశికి పేరు పెట్టవచ్చు.

ప్యాకేజీ పేరు విషయంలో మాత్రం ఆస్కీ నియమం నేటికీ కొనసాగుతోంది. రోమన్ అక్షరాలు, అంకెలు, చుక్క, అడ్డగీత, కింది గీత తప్ప మరేవీ పేరులో ఉండరాదు. ఒకే రూపంలో కనిపించే వేర్వేరు లిపుల అక్షరాలతో మోసపు పేర్లు పుట్టవచ్చునన్నది ఈ నియమానికి బలమైన సమర్థన. దాని ఫలితం మాత్రం తెలుగు వంటి భాషలపైనే పడుతుంది. పెప్ 503 నిర్దేశించిన నామ సమీకరణ ప్రకారం పెద్ద, చిన్న రోమన్ అక్షరాల తేడా లెక్కకు రాదు. అడ్డగీత, కింది గీత, చుక్క ఒకటిగానే పరిగణన పొందుతాయి. కాని ‘ఛందస్సు’ను రోమన్ లిపిలో ఒకరు ఒక హకారంతో, మరొకరు రెండు హకారాలతో రాస్తే, ఒకరు దీర్ఘాన్ని రెండు అక్షరాలతో చూపి మరొకరు చూపకపోతే, అవి సూచిక దృష్టిలో పూర్తిగా వేర్వేరు పేర్లు. తెలుగు పదాల రోమనీకరణలో ఒకే ఆచారం స్థిరపడకపోవడం వల్ల ‘పేరు తెలిసినవాడు’ అనే స్థితి కూడా తెలుగు సాధనాల విషయంలో సందిగ్ధమవుతుంది. తెలుగు లిపిలో స్పష్టంగా పేరు తెలిసినవాడు కూడా సూచిక ముందు పేరు తెలియనివాడే.

రెండవ సంబంధం వర్గీకరణ. ట్రోవ్ గుర్తులలో మానవభాషల కుదురు ఒకటుంది. అందులో తెలుగుకు స్వంత గుర్తు ఉంది. రోమనీకరణలోని సందిగ్ధతను అధిగమించగల సాధనం ఇదే. కర్త ఆ ఒక్క గుర్తును చేర్చితే, పేరు ఎలా రాసినా ఆ ప్యాకేజీని తెలుగుకు సంబంధించినదిగా గుర్తించవచ్చు. గుర్తు చేర్చడం కర్త ఇష్టానికి వదిలిన విషయం. సూచికలో భారతీయ భాషల లిప్యంతరీకరణకు, పాఠ ప్రక్రియకు ఉపకరించే ప్యాకేజీలున్నాయి. అనేక భాషలకు ఉమ్మడిగా పనిచేసే సాధనంలో తెలుగు ఉన్నదన్న విషయం పేరులో కనిపించదు, వర్గీకరణలోనో వివరణలోనో చెబితేనే తెలుస్తుంది. 2023 చివరి నాటికి 5 లక్షలకు మించిన ప్రణాళికలున్న సూచికలో ఒక గుర్తు లోపించడమంటే ఆ రచన తెలుగు పరిశోధకునికి లేనట్లే.

వ్రాతప్రతుల భాండాగారాలలో పనిచేసినవారికి ఈ అనుభవం కొత్తది కాదు. తాళపత్ర సంపుటంలో రెండవ, మూడవ కృతులుగా చేరిన చిన్న రచనలు సూచీపత్రంలో మొదటి కృతి పేరు కింద మరుగునపడిపోతాయి. ప్రతి నశించకపోయినా, సూచీలో పేరు లేకపోవడం వల్ల కృతి అలభ్యమవుతుంది.

ముగింపు

పైథాన్ ప్యాకేజీ సూచికను దూరం నుంచి ప్రశ్నించిన పద్ధతుల చరిత్ర మూడు దశలుగా కనిపిస్తుంది. మొదటి దశలో సూచిక మనిషి చదివే పట్టిక. రెండవ దశలో దూరక్రియాహ్వానం ద్వారా అది ప్రోగ్రాముల పృచ్ఛలకు తెరచుకొని, సమగ్ర, నామాశ్రిత, కాలాశ్రిత, అన్వేషణ పృచ్ఛలన్నింటికీ సమాధానం చెప్పింది. మూడవ దశలో నామప్రధానమైన సరళ సూచిక బలపడి, అన్వేషణ పృచ్ఛ తొలగిపోయింది. ఈ పరిణామానికి సిద్ధాంతం కంటే భారం ముఖ్య కారణం. దాచి ఉంచగల సమాధానాలు నిలిచాయి, ప్రతిసారీ కొత్తగా వెదకవలసిన సమాధానాలు నిలవలేదు.

తెలుగు గ్రంథాల, నిఘంటువుల, శాసనాల సూచీలు నేడు కంప్యూటర్లలోకి చేరుతున్నాయి. వాటిని నిర్మించేవారికి ఈ చరిత్ర నుంచి మూడు నిర్ధారణలు ఉపకరిస్తాయి. సూచీ వివరాలను ఎవరు రాస్తారన్నది ఎంత ముఖ్యమో, ఏ అంశాలు తప్పక రాయాలన్న నియమం అంతకంటే ముఖ్యం. స్థిరమైన పేరు, స్థిరమైన చిరునామా ఉన్న సమాచారం ఎక్కువ కాలం, తక్కువ ఖర్చుతో అందుబాటులో ఉంటుంది. విషయాన్ని బట్టి వెదికే మార్గానికి అయ్యే ఖర్చును ఆరంభంలోనే లెక్కించుకోకపోతే, ఒత్తిడి వచ్చిన రోజున మొదట మూతపడేది ఆ మార్గమే. పేరు తెలిసినవానికి చోటు చూపడం సూచీ ప్రాథమిక ధర్మం. పేరు తెలియనివానికి ఆ పేరును చెప్పగలగడంలోనే దాని సార్థకత ఉంది.